మెడ పట్టీ విప్పిన డాక్టరు గారు

పంతొమ్మిదివందల అరవైల తొలి ఏళ్లలో నేను రెడ్డిగూడెం దగ్గర ఓ బడిలో టీచరుగా పనిచేసేదాన్ని. మామిడికాయలు దిగే రోజుల్లో ఓ సాయంత్రం హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సెక్కాను. బస్సు కదలబోతుండగా వెనక నుంచి కాయల లారీ వచ్చి గుద్దింది. నా తల విసురుగా వెనక్కి వెళ్లి ముందుకొచ్చింది. పైకి గాయమేమీ లేదు. తెల్లారేసరికి మాత్రం మెడ కొయ్యబారిపోయింది.

నూజివీడులో అప్పుడు భార్యాభర్తలిద్దరూ డాక్టర్లుగా నడిపే చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. ఆయన నన్ను బెజవాడ పంపి ఎక్స్‌రే తీయించారు. ఎముక విరగలేదు. అయినా అట్టకి దూది చుట్టి, పైన గుడ్డ కుట్టిన పట్టీ నా మెడకి బిగించారు.

"నేను చెప్పేదాకా విప్పకూడదమ్మా. మెడ కదిలిందా, ప్రాణం మీదికొస్తుంది."

ఆ భయం ఆయనకెక్కడిదో తర్వాతెప్పుడో ఆయన భార్యే చెప్పారు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, చెట్టు మీంచి పడ్డ తోట కూలీ ఒకణ్ణి మంచం మీద కుదుపుతూ మోసుకొచ్చారట. మెడ విరిగి ఉంది. ఆ మనిషి మళ్లీ కాలూ చెయ్యీ కదపలేదు. అప్పట్నుంచీ మెడ నొప్పని ఎవరొచ్చినా డాక్టరు గారి కళ్లకి అతనే కనిపించేవాడట.

వేసవి సెలవులైపోయి బడి తెరిచినా నా పట్టీ ఊడలేదు. బోర్డు మీద రాస్తూ పిల్లల వైపు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. నొప్పి తగ్గకపోగా భుజాల్లోకి దిగింది. ఇక జన్మంతా ఇంతేనేమోనని ఏడుపొచ్చేది.

ఓ రోజు ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ నా భుజాలు నొక్కి చూసి, నన్ను భర్త గదిలోకి తీసుకెళ్లారు.

"ఏవండీ, ఎముక బాగానే ఉందిగా. ఇంకా కట్టేసి ఉంచితే మెడ బిగుసుకుపోదూ? నెమ్మదిగా తిప్పనివ్వండి."

"ఏదైనా అయితే?"

"ఈ అమ్మాయి చెట్టు మీంచి పడలేదండీ."

ఆయన ఎక్స్‌రే కిటికీ వెలుగులో పెట్టి మళ్లీ చూశారు. తన చెయ్యి గట్టిగా పట్టుకోమన్నారు, కాలి వేళ్లు ఆడించమన్నారు. తర్వాత తనే పట్టీ విప్పారు.

"నాకున్న భయానికి నీ మెడ కట్టేశానమ్మా," అన్నారు. "ఇక ఆవిడ చెప్పినట్టు చెయ్యి."

భార్య ఎదుట, రోగి ఎదుట, అదీ ఆ రోజుల్లో, అంత పేరున్న డాక్టరు ఆ మాట అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ క్షణాన రెట్టింపయింది.

డాక్టరమ్మ వేడినీళ్ల కాపడం పెట్టించి, మెడ ఎటు ఎంత తిప్పాలో నేర్పారు. మొదట్లో కళ్లమ్మట నీళ్లొచ్చేవి. దసరా సెలవుల నాటికి, బోర్డు దగ్గర్నుంచి తల ఒక్కటే తిప్పి వెనక బెంచీ అల్లరిని పట్టుకోగలిగాను.

ఆ తర్వాత మెడ దెబ్బతో ఎవరొచ్చినా ఆయన ముందు భార్యని పిలిచేవారట. ఎముక విరిగిందని అనుమానం వస్తే ఆవిడ మారుమాట లేకుండా తలకి అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టించేవారు. లేదంటే ఇద్దరూ కాసేపు గట్టిగానే వాదించుకునేవారు. కొన్నాళ్లకి మా అమ్మ బండి దిగుతూ జారి మెడ నొప్పి తెచ్చుకుంటే, నేను నేరుగా అక్కడికే తీసుకెళ్లాను. లోపల వాదన తేలేదాకా వరండాలో బల్ల మీద కూర్చున్నాం.

"పోట్లాడుకుంటున్నారేంటే?" అని భయపడింది అమ్మ.

"నీ మెడ గురించేనమ్మా, కూర్చో," అన్నాను.