బాపు వినని పాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానాకాలం. సూరత్‌లో, కతర్‌గామ్‌లోని ఒక చెవి క్లినిక్‌లో ఆడియోమెట్రీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆడియోమెట్రీ అంటే చెవికి ఏ శబ్దం ఎంతవరకు వినబడుతుందో కొలిచే పరీక్ష. బయటి చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, లావు శబ్దాలు, సన్నని శబ్దాలు వినిపిస్తాం. వినబడితే బటన్ నొక్కాలి. చెవుడు ఒప్పుకోవడానికి మనుషులకు ఎంత నామోషీ అంటే, వినబడకపోయినా నొక్కేస్తారు! అలాంటివాళ్లతో నాకు రోజూ తగవే.

ఆ రోజు వచ్చిన మల్లేశం మా కరీంనగర్ వైపు మనిషే. సూరత్ దగ్గరి కిమ్‌లో సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు నడుపుతాడు. పదో తరగతి చదివే కూతురు శ్రావణి పట్టుబట్టి తీసుకొచ్చింది. ఆయనకు రావడమే ఇష్టం లేదు.

“నాకేమైంది మేడమ్? మంచిగనే ఇంటున్న. ఖరాబైంది నా చెవులు గావు, గీ పిల్ల పాటలు,” అన్నాడు. “చిన్నప్పుడు మా అవ్వ పాడే బతుకమ్మ పాటలన్నీ నా ఒళ్లె కూసొని పాడేది. జర పెద్దగైందో లేదో, పాడుడే బందు వెట్టింది. ఇప్పుడు ఫోన్ల దడదడ, దడదడ. గొంతే ఉండది వాటిల్ల. గవ్వేం పాటలు?”

శ్రావణి తల వంచుకుని ఫోను కవరు గీకుతూ కూర్చుంది.

అడిగినదానికల్లా టకటకా జవాబు చెబుతున్నాడు కదా, ఈయనకేం లోపమని నాకూ అనిపించింది. కానీ ఆయన చూపు నా కళ్ల మీద లేదు, పెదవుల మీద ఉంది. సాంచాల మోతలో ఏళ్లకేళ్లు గడిపినవాళ్లు పెదవులు చూసి మాట పట్టుకుంటారు. మా నాన్నా అంతే. ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని, “అన్నా, తిన్నవా?” అని అడిగాను.

మల్లేశం నవ్వుముఖంతో అలాగే కూర్చున్నాడు. శ్రావణి మాత్రం తలెత్తి తండ్రి వైపు చూసింది.

“చెవుల దూదన్న పెట్టుకోకపోతివా అన్నా?” ఫైలు దించి కోప్పడ్డాను.

“దూది వెడ్తె పోగు తెగింది ఎట్ల ఎరుకైతది మేడమ్? సాంచ సప్పుడు మారంగనే ఉరకాలె.”

పరీక్షలో లావు శబ్దాలు బాగానే పట్టుకున్నాడు. సన్నని శబ్దాలు దాదాపు పోయాయి. డ్రమ్ము దరువు ఆయనకు చేరుతుంది, ఆడపిల్ల గొంతు చేరదు. శ్రావణిని పక్క గదిలోకి పిలిచి చెప్పాను. “మీ బాపుకు పాటల దరువు తప్ప ఏం వినవడదు బిడ్డా. నువ్వు పాడుడు మానేసినవని ఆయన రంది.”

“నేనెప్పుడు మానిన మేడమ్?” అంది. “రోజూ పాడుత, రొట్టెలు చేస్కుంట. బతుకమ్మ పాట పాడితే స్కూల్ల నవ్విన్రు, గర్బా పాటలు నేర్చుకున్న. తర్వాత హిందీ పాటలు, మెల్లగ ఉండేటియి. ఏది పాడినా బాపు లేశి అవతలికి పోయేటోడు. పసంద్ నహీ అనుకున్న. గా దడదడ పాటలు పెడితేనే నా దిక్కు చూసేది. తిట్టనీకే చూసేది, కానీ చూసేది గద! ఇనంగ ఇనంగ నాకు గవే నచ్చబట్టినయ్.”

వయసొస్తే పిల్లల పాటలు మారతాయి, అది మామూలే. ఈ పిల్ల పాటలు తండ్రి చెవి వెంబడి మారుతూ వచ్చాయి, ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు.

హియరింగ్ ఎయిడ్ పెట్టి ట్రయల్ చేశాం. చెవి నరం దెబ్బతిన్నవాళ్లకు ఆ మిషన్ శబ్దం పెంచుతుందే గానీ, మాటను విడదీసి చెప్పలేదు. అది ముందే చెప్పినా శ్రావణి వినలేదు. తనకు ఇష్టమైన హిందీ పాట ఎత్తుకుంది. ఎంత తీయని గొంతు! మల్లేశం హాయిగా కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి నొసలు ముడిపడింది. కళ్లు తెరిచి కూతురి పెదవుల వైపు చూడసాగాడు. అలవాటు లేని హిందీ పదాలు, సాగదీసిన రాగం, పెదవులూ ఏమీ చెప్పలేదు. అయినా చూపు తిప్పలేదు.

పాట అయ్యాక, “మస్తుగున్నది బిడ్డా,” అన్నాడు. కళ్ల నిండా నీళ్లు.

వెళ్లేటప్పుడు శ్రావణి తలుపు దగ్గర ఆగి, “బాపుకు వినవడలే గద మేడమ్?” అని అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాను. “లేదమ్మా,” అన్నాను.

“అయినా పాట అయిపోయేదాక నా దిక్కే చూసిండు,” అంది చున్నీతో కళ్లు తుడుచుకుంటూ.

అప్పటినుంచి, నాకు బాగానే వినబడుతుందని దబాయించేవాళ్లతో తగవు పడటం మానేశాను. మీ ఇంట్లో ఎవరు పాడతారు, ఆ గొంతు ఈ మధ్య ఎప్పుడు విన్నారు, అని మెల్లగా అడుగుతాను. చాలామంది ఎప్పుడు విన్నారో గుర్తు రాక, తమంతట తామే వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటారు.