బాపు గొంతులో రౌడీ

పాత క్రైం సినిమాల్లో మా తెలంగాణ యాస మాట్లాడేవాడు హీరో కావడం నేనెన్నడూ చూడలేదు. హీరోది పుస్తకాల తెలుగు, అతని వెంట ఉండే పోలీసుదీ అదే. మా మాట మాత్రం రౌడీకి. వాడు నల్లగా ఉంటాడు, మొహం మీద గాటుంటుంది, చివరి రీలులో తన్నులు తింటాడు. ఎల్లారెడ్డిలో మా ఇంటి టీవీ ముందు కూర్చుని ఇదంతా చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. మా నాన్నకి, అంటే బాపుకి, మాత్రం పండగే. రౌడీ కనబడగానే "మనోడు వచ్చిండు" అని వంటింట్లో ఉన్న అవ్వను కేకేసి పిలిచేవాడు.

బాపు కూడా నలుపే. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలి చెంప చీలింది. రౌడీ గొంతు అచ్చుగుద్దినట్టు దింపేవాడు. నా నాలుగేళ్ల బిడ్డ మారాం చేస్తే సంచి నోరు తెరిచి, కళ్లెర్ర చేసి, "సప్పుడు జెయ్యకు, సంచిల ఏస్కొని పోత" అనేవాడు. అది కిలకిలా నవ్వుతూ తానే సంచిలో కాళ్లు పెట్టేది. అన్నం తినిపించాలన్నా, నిద్రపుచ్చాలన్నా వాళ్లిద్దరికీ అదే ఆట.

పోయిన ఎండాకాలం బిడ్డకు చెవి నొప్పి వస్తే డాక్టరుకు చూపించడానికి ముగ్గురం కామారెడ్డి వెళ్లాం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో పుకార్లు షికారు చేస్తున్న రోజులవి. బస్టాండులో ఇద్దరినీ కూర్చోబెట్టి నీళ్ల సీసా కొనడానికి నేను అవతలికి పోయాను. బిడ్డ ఏడుపు అందుకుంది. బాపు తనకు తెలిసిన మందే వేశాడు. సంచి తెరిచి రౌడీ గొంతు పెట్టాడు. నొప్పి మీదున్న పిల్ల ఆ రోజు నవ్వలేదు, ఇంకా గట్టిగా ఏడ్చింది.

నేను తిరిగొచ్చేసరికి గుంపు, దాని కాళ్ల కింద మా బాపు. ఒకడు బెల్టుతో కొడుతున్నాడు, ఒకడు హెల్మెట్‌తో. దారిన పోయేవాళ్లు కూడా ఆగి మరీ ఓ తన్ను తన్ని పోతున్నారు. నోటి నిండా నెత్తురు, ఊడిన పన్ను చొక్కాకు అంటుకుని ఉంది. మా బాపు, మా బాపు అని అరిచాను, ఎవరూ వినలేదు. హెల్మెట్ ఎత్తినవాడి చెయ్యి నెత్తురొచ్చేదాకా కొరికాను. ఇంకాస్త గట్టిగా కొరకాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. చివరికి, పిల్లను కాపాడానని చంకలో పట్టుకున్న ఓ ఆవిడ చేతుల్లోంచి నా బిడ్డ జారి, "తాతా" అంటూ వెళ్లి ఆయన మీద పడింది. అప్పుడు ఆగారు.

హెల్మెట్ వాడు చెయ్యి విదిలించుకుంటూ, "రౌడీ లెక్కనే మాట్లాడిండు, మాకేం ఎరుక?" అన్నాడు. వాడిదీ మా యాసే.

విరిగిన పక్కటెముకలు అతుక్కున్నాయి. ఆసుపత్రిలో నర్సు నీళ్లిస్తే బాపు టీవీలో హీరోలా "తాగుతానండి" అన్నాడు. అప్పటినుంచి బయటివాళ్లతో అట్లాగే మాట్లాడుతున్నాడు. సంచి ఆట మళ్లీ ఆడలేదు. బిడ్డ సంచి తెచ్చి ఒళ్లో పెడితే మడిచి పక్కన పెడతాడు.

మొన్న ఆదివారం టీవీలో ఓ పాత సినిమా, చివరి ఫైటు. రౌడీ కిందపడి, మా మాటలోనే, ఇడిసిపెట్టుమని బతిమాలుతున్నాడు. నా బిడ్డ కంచం వదిలేసి పరుగెత్తి, టీవీకి వీపు ఆనించి రెండు చేతులూ చాచి నిలబడింది.

"తాతను కొట్టకుండ్రి."

బాపు రిమోట్ కోసం తడుముకుంటున్నాడు. బిడ్డ వెనక హీరో ఇంకా కొడుతూనే ఉన్నాడు.