ఎవరూ దిగకూడదు

తంబళ్లపల్లె దగ్గర వేరుశెనగ పండించే ఇంట్లో పుట్టిన శాంతకుమారి, మదనపల్లెలో డిగ్రీ అయ్యాక పుంగనూరు బయట ఒక పాల ఫ్యాక్టరీలో టైపింగ్ పనికి చేరింది. ఏ కాంట్రాక్టరైనా పని మొదలుపెట్టే ముందు, ఆ పనిని ప్రమాదం లేకుండా ఎలా చేస్తాడో కాగితం మీద రాసివ్వాలి. వాటిని కంప్యూటర్లో కొట్టి ఫైల్లో పెట్టేది ఆమే. అన్నీ ఎక్కడినుంచో తెచ్చి పేర్లు మార్చిన ఇంగ్లీషు కాగితాలు. ఆదివారాలు సేఫ్టీ డిప్లొమా క్లాసులకు వెళ్లడం మొదలుపెట్టాకే ఆమె వాటిని శ్రద్ధగా చదవసాగింది.

ఒకరోజు మురుగునీటి ట్యాంకు కడిగే పనికి కాగితం వచ్చింది. అందులో 'క్రేన్ కింద ఎవరూ నిలబడరాదు' అని ఉంది. ఫ్యాక్టరీలో అసలు క్రేనే లేదు. ట్యాంకులో పుట్టే విషవాయువు గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు.

ఆ పని కాంట్రాక్టరు శాంతిపురం రెడ్డెప్ప.

"ఇది చదివినావా రెడ్డెప్పన్నా?"

"సంతకం పెట్టమన్నారు, పెట్టినానమ్మా. ఇంగ్లీషులో ఉండాది, నాకెట్ల తెలుస్తాది?"

"అయితే పా, ట్యాంకు కాడికి పోయి మనమే తెలుగులో రాసుకుందాం."

ట్యాంకు దగ్గర రెడ్డెప్ప పనివాళ్లు లోకేష్, హరీష్ అనే అన్నదమ్ములు కూర్చుని ఉన్నారు. మూత ఎప్పుడు తీయాలి, లోపలికి గాలి ఎంతసేపు కొట్టాలి, వాయువు ఉందో లేదో మీటరుతో ఎవరు చూడాలి అని నలుగురూ మాట్లాడుకుంటూ ఒక్కొక్కటే రాశారు.

"లోపల మనిషి పడిపోతే?" అని అడిగింది శాంతకుమారి.

"ఏముందక్కా, నేను దిగి మా అన్నను ఎత్తుకొస్తా" అన్నాడు హరీష్.

"అప్పుడు నువ్వూ ఆడే పడిపోతావప్పా."

పైనుంచే లాగగలమేమో చూద్దామని మనిషంత బరువున్న దాణా మూటకు తాడు కట్టి ట్యాంకులోకి దించారు. ముగ్గురు పట్టి లాగినా అది ట్యాంకు నోటి అంచుకు తట్టుకుని పైకి రాలేదు. మూడు కాళ్ల స్టాండు, చేత్తో తిప్పే గిలక తెప్పించేదాకా పని ఆపాలని ఆమె మేనేజర్‌కు చెప్పింది.

"ట్యాంకు నిండిపోతాంది. ఎన్నేండ్లుగా కడగతాండారు, ఎవరికేమైంది?" అని మేనేజర్ కసురుకున్నాడు.

ఆమె బదులిచ్చేలోపే పక్కనున్న రెడ్డెప్ప అందుకున్నాడు. "మూటే పైకి రాలేదు సార్. మనిషెట్ల వస్తాడు? అది వచ్చినాంకనే మావోళ్లు దిగుతారు."

ఆ వారమే స్టాండు వచ్చింది. దాన్ని ట్యాంకు నోటిపై నిలిపి గిలక తిప్పితే, ఈసారి మూట ఇబ్బంది లేకుండా పైకి లేచింది.

పని రోజు పొద్దున శాంతకుమారి కాగితమంతా గట్టిగా చదివి వినిపించింది. గాలి కొట్టారు. లోపలి గాలి బాగుందని మీటరు చూపించింది. లోకేష్ నడుముకూ భుజాలకూ పట్టీలు బిగించుకుని, వాటికి గిలక తాడు తగిలించుకుని, మీటరు చొక్కా జేబులో పెట్టుకుని దిగాడు. అడుగున గడ్డకట్టిన బురదను పారతో కదిపాడో లేదో అందులో చిక్కుకున్న వాయువు పైకి లేచింది, మీటరు కీచుమని అరిచింది. అతను నిచ్చెన పట్టుకున్నాడు గానీ స్పృహ తప్పి అక్కడే వాలిపోయాడు.

"అన్నా!" అని హరీష్ ట్యాంకులోకి కాలు పెట్టాడు.

రెడ్డెప్ప అతని నడుము వాటేసుకుని వెనక్కి లాగాడు. "దిగొద్దురా! గిలక తిప్పు! తిప్పరా ముందు!"

హరీష్ ఏడుస్తూనే తిప్పాడు. లోకేష్ తల, భుజాలు వెలుతురులోకి వచ్చాయి. చెట్టు కింద గాలికి పడుకోబెడితే కాసేపటికి కళ్లు తెరిచాడు. అంబులెన్సులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లారు. మర్నాడు శాంతకుమారి చూడబోతే మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. పక్కన హరీష్ ఆమెను చూడగానే లేచి తన స్టూలు ఆమె ముందుకు జరిపాడు.

ఆ సాయంత్రమే ఆమె, రెడ్డెప్ప కలిసి కాగితం దిద్దారు. మనిషి దిగకముందే పైనుంచి నీళ్లు కొట్టి బురదను పంపుతో తోడెయ్యాలని రాశారు. మేనేజర్ ఆమెను సేఫ్టీ పనికి మార్చాడు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో పని జరిగే చోట కూర్చుని రాయని కాగితానికి అనుమతి లేదు.

మొన్న రెడ్డెప్ప చెప్పగా కుప్పం దగ్గర గ్రానైట్ రాళ్లు కోసే షెడ్డువాళ్లు తమ పనికీ అలాంటి కాగితం రాసిపెట్టమని ఆమెను పిలిచారు. బస్సు దిగి వెళ్లేసరికి దుమ్ము కొట్టుకున్న ముఖాలతో పనివాళ్లు గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ల ముందే ఒక రాతి పలక మీద కూర్చుంది.

"ఈ పనిలో మీకు దేనికి భయమేస్తాదో అది చెప్పండప్పా ముందు."

మునెమ్మ అనే ఆమె ముందుకొచ్చి, "పలకలు దించేటప్పుడమ్మా" అంది. ఆ వెంటనే ఇంకొకరు నోరు విప్పారు.