అడవి పుదీనా మీద ఫందీ

అజ్రక్ ఊళ్ళో అబూ షాహీన్ ఇంటికి ఎవరెళ్ళినా కుర్చీ వెయ్యడు, మొక్కల మీద కూర్చోబెడతాడు. ఎడారి నడుమ ఉన్న ఆ ఊరి చిత్తడి నేలలో మొలిచే అడవి పుదీనాను ఏటా కోసుకొచ్చి, పాత పేపర్ల మధ్య పరిచి, పైన చెక్క వేసి, దాని మీదికి వచ్చినవాళ్ళను ఎక్కించడం ఆయన పిచ్చి. ఎండాక మొక్కను అట్టకు కుట్టి, ఎక్కడ కోసిందీ ఎప్పుడు కోసిందీ రాసి, కింద ‘నొక్కినవారు’ అని వాళ్ళ పేరు కూడా రాస్తాడు.

బక్కవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. "నువ్వు కూర్చుంటే పుదీనా నవ్విపోతుందమ్మా, మీ అత్తగారిని పంపు" అని పక్కింటి కొత్తకోడలిని వాకిట్లోంచే తిప్పి పంపాడు. పెళ్ళిమాటలకొచ్చిన పెద్దమనిషినైతే మధ్యాహ్నం దాకా లేవనివ్వలేదు.

"పిల్ల సంగతి తరవాత! ఆకు ఇంకా పచ్చిగా ఉంది, కదలకండి!"

"చుట్టాలు మన గడప తొక్కడం మానేశారు" అని భార్య ఉమ్ షాహీన్ తల కొట్టుకునేది.

"ఫందీ వస్తున్నాడుగా!"

ఫందీ ఒకప్పుడు తను కాచిన బర్రెలంత మనిషి. చిత్తడి ఎండిన ఏళ్ళలో ఆ బర్రెలన్నీ పోయాయి, ఆ వెనకే ఇల్లాలూ పోయింది. ఊరికే పెడితే ఎవరింటా మెతుకు ముట్టడు. ఇక్కడ మాత్రం పొద్దున్నే పుదీనా మీద కూర్చుని, మధ్యాహ్నం "పనికి కూలి" అంటూ పళ్ళెం నిండా ముజద్దరా పప్పన్నం లాగించి వెళ్ళేవాడు.

అలాంటిది ఒకరోజు చిత్తడి కాపుదల చూసే మొక్కల డాక్టరమ్మ, మరలు బిగించి మొక్కల్ని నొక్కే ఇనుప యంత్రం ఒకటి తెచ్చింది. "ఇక మనుషులక్కర్లేదు తాతగారూ!" అంది. ఫందీ ఆ మరల వంక చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ పై రోజూ రాలేదు. ఉమ్ షాహీన్ గిన్నె పట్టుకెళ్తే తలుపైనా తీయకుండా "తిన్నాను వదినా" అన్నాడు. పొయ్యి రాజేసిన వాసనే లేదు. ఆమె గిన్నెతో అలాగే వెనుదిరిగింది. ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది.

"నీ మొక్కలు తగలెయ్య! అక్కడ మనిషి ఎండిపోతున్నాడయ్యా!"

అబూ షాహీన్ లేచాడు. యంత్రం మరలు ఒక్కొక్కటే విప్పి ఆమె చేతిలో పోశాడు.

"బియ్యం డబ్బాలో దాచు. పాడైందని డాక్టరమ్మకు నేను చెప్తాలే."

"అయ్యో, బంగారంలాంటి యంత్రం!"

"పిచ్చిదానా, మొక్క నొక్కడానికి ఈ ఊళ్ళో నల్లరాళ్ళకు కరువా?"

నిజమే! వాళ్ళ పెరడంతా రాళ్ళే. ఇన్నేళ్ళూ ఆ మాట ఆమెకు తట్టనేలేదు. అప్పటికే ఆయన వీధిలో కేకలు పెడుతున్నాడు.

"ఒరేయ్ ఫందీ! యంత్రం మొరాయించింది. పుదీనాకు బూజు పడుతోందిరా, లే!"

తలుపు ఠక్కున తెరుచుకుంది. "అనుకుంటూనే ఉన్నా. ఎక్కడ ఎంత ఆనాలో ఇనుముకేం తెలుసురా?"

ఫందీ చెక్క మీద కూర్చున్నాక గాని ఉమ్ షాహీన్‌కు ఊపిరాడలేదు. పళ్ళెం నింపి పెట్టింది. అతను ఊడ్చినట్టు తినేసి, మళ్ళీ చాచాడు.

"ఇంకాస్త వెయ్యి వదినా. నాకోసం కాదు. ఈ రెండ్రోజుల్లో బరువు తగ్గాను, మొక్కకి నష్టం."