దేవుడి పేరున ఇచ్చిన మాట

1958 వేసవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా రెండేళ్లు నిండలేదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ప్రాంతంలో ఒక మిషన్ వారి కుష్ఠు ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి కొద్దికాలమే అయింది. ఆసుపత్రి గోడల మధ్య చేసేది సగం పనే. మిగతా సగం రోడ్డు మీద. వారానికొకసారి మా వ్యాను గిద్దలూరు నుంచి కొమరోలు వెళ్లే దారిలో ఒక వేపచెట్టు కింద ఆగేది. బల్ల, కుర్చీ, కిరసనాయిలు స్టవ్వు, మందుల పెట్టె దించుకుంటే అదే మా క్లినిక్కు.

ఆ జబ్బు పేరు ఊళ్లలో ఎవరూ పలికేవారు కాదు. 'పెద్దరోగం' అనేవారు, అది కూడా గొంతు తగ్గించి. మందు మాత్రం వచ్చింది. డి.డి.ఎస్. అనే చిన్న తెల్లమాత్ర. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ ఏళ్ల తరబడి వాడాలి. కాని మందు ఉంటే సరిపోతుందా? మనుషులు రావాలి. మా చెట్టు కింద నిలబడ్డవాడి రోగం సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయేది. అందుకే రావడానికి జంకేవారు.

వాళ్లను నడిపించుకొచ్చింది జీవరత్నంగారు. కొమరోలు అవతల ఒక పల్లెలో ఉపదేశి ఆయన. పాస్టరుగారు ఎప్పుడో గాని రాని పల్లెల్లో ఆదివారం ఆరాధన నడిపించి, పిల్లలకు నాలుగు అక్షరాలు చెప్పే మనిషిని ఉపదేశి అంటారు. నలభై దాటిన మనిషి, పొడుగ్గా ఉండేవారు, పాట ఎత్తుకుంటే అర మైలు వినిపించేది. ఊరూరూ తిరిగి, దొడ్ల వెనకా చేల గట్ల మీదా దాక్కున్న రోగుల్ని బతిమాలి తెచ్చేవారు. తన సంఘం వాళ్లనే కాదు, పుల్లయ్య అనే గొర్రెల కాపరిని కూడా ఆయనే పట్టుకొచ్చారు. "ఇది దేవుడు పంపించిన మాత్రరా పుల్లయ్యా, భయపడొద్దు" అని భుజం మీద చెయ్యి వేసి చెప్పడం నేను చూశాను. ఆ రోజుల్లో అలాంటి రోగి భుజం మీద చెయ్యి వేసేవాళ్లు ఎందరున్నారు?

ఒకరోజు క్లినిక్కులో జనం ఎక్కువగా ఉన్నారు. నాకు సాయం చేద్దామని ఆయన, సూదులు మరుగుతున్న గిన్నె మూత ఎడమ చేత్తో ఎత్తి పక్కన పెట్టారు. గుడ్డ పట్టుకోలేదు. తొందరపడి వదిలేయనూ లేదు. తాపీగా పెట్టారు.

"అయ్యగారూ, చెయ్యి కాలలేదా?" అన్నాను.

"ఏంటికమ్మా?" అంటూ అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. చిటికెన వేలి కింద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. దాన్ని చూశారు. తరువాత నా ముఖం చూశారు. స్పర్శ పోవడమే ఆ రోగానికి గుర్తని, అంతమంది రోగుల్ని తెచ్చిన మనిషికి నేను వివరించాలా?

అందరూ వెళ్లిపోయాక వ్యాను వెనక కూర్చోబెట్టి పరీక్ష చేశాను. మోచేతి వెనక అల్నార్ నర్వ్ అనే నరం ఉంటుంది. చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ స్పర్శ ఇచ్చేది అదే. ఆయనకు ఆ నరం తాడులా తగిలింది. కళ్లు మూసుకోమని, దూదితో ముట్టుకున్నప్పుడల్లా చెప్పమన్నాను. చిటికెన వేలు ముట్టాను. ఉంగరపు వేలు ముట్టాను. మళ్లీ చిటికెన వేలు ముట్టాను.

కళ్లు మూసుకునే అడిగారు: "ఇంకా మొదలుపెట్టలేదామ్మా?"

దూది ఇంకా ఆయన చిటికెన వేలి మీదే ఉంది. ఆయన కళ్లు తెరిచి దాన్ని చూశారు. అంతటితో అర్థమైంది.

ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరుగారు కూడా అదే నిర్ధారించి మాత్రలు మొదలుపెట్టారు. ఆయన దాచుకుంటారేమో అనుకున్నాను. దాచుకోలేదు. వచ్చే ఆదివారం తమ పల్లెకు రమ్మంటే వెళ్లాను. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు, లోపల చాపలు. అదే వాళ్ల గుడి. పాట అయ్యాక లేచి నిలబడ్డారు.

"అన్నలారా, అక్కలారా, నాకు గూడా ఆ రోగమే వచ్చింది. ఆ మాత్రే నేనూ మింగుతాండా. యేసయ్య పేరు పెట్టి చెబుతాండా, క్రిస్మస్ వచ్చేలోపల ఈ చెయ్యి మీ కళ్ల ముందరే బాగైతాది. కాకపోతే ఇంక నా మాట నమ్మొద్దండి."

ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఆమేన్ అన్నారు. నేను మాత్రం ఆమేన్ అనలేకపోయాను. బయటికి వచ్చాక చెప్పాను.

"అయ్యగారూ, మాత్ర రోగాన్ని అణుస్తుంది. పోయిన స్పర్శ తిరిగి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. మధ్యలో రియాక్షన్ కూడా రావచ్చు."

"నువ్వు మందు సంగతి చెబుతాండావు బిడ్డా. నేను చెప్పింది దేవుని సంగతి."

ఆయన నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయం వేసింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. చెట్టు కింద జనం పెరిగారు. వానలు వెనకబట్టేవేళకు రియాక్షన్ వచ్చింది. అంటే ఏమిటో చెబుతాను. చస్తున్న రోగం మీద ఒళ్లే తిరగబడుతుంది. మచ్చలు ఎర్రగా పొంగుతాయి, జ్వరం వస్తుంది, నరాలు వాచి మండుతాయి. రోగం ముదిరినట్టు కనిపిస్తుంది గాని అది ముదరడం కాదు. చూసేవాళ్లకు ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? ఎద్దులబండిలో తెచ్చి ఆసుపత్రి ముందు దించినప్పుడు జీవరత్నంగారి ముఖం ఉబ్బిపోయి గుర్తుపట్టేలా లేదు. ఎడమ చేతి చివరి రెండు వేళ్లూ లోపలికి ముడుచుకున్నాయి. మోచేతి దగ్గర గాలి తగిలినా పళ్లు బిగపట్టేవారు.

తరువాతి వారం క్లినిక్కుకు వెళ్లేసరికి పుల్లయ్య నాకోసం కాచుకుని ఉన్నాడు. గుడ్డలో చుట్టిన మాత్రలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆయన దేవుని మనిషి. ఆయనకే ఇట్లయితే నా గతేంది నర్సమ్మా? గొర్లు కాసుకునేవాణ్ణి, నాకు చేతులు కావాల."

ఎంత చెప్పినా వినలేదు. వాడి వెనకే ఇంకొందరు మాత్రలు తిరిగి ఇచ్చేశారు. మరుసటి వారం చెట్టు కింద ఇద్దరో ముగ్గురో. వ్యానులో తిరిగి వస్తూ, మందు మానేసిన వాళ్ల వేళ్లూ కాళ్లూ ఏమవుతాయో అని ఒక్కొక్కరినే తలచుకునేదాన్ని.

డాక్టరుగారు మాత్ర ఆపించి, ఇంజెక్షన్లు ఇచ్చి, చెయ్యి కదలకుండా స్ప్లింట్, అంటే గుడ్డ చుట్టిన చెక్కబద్ద, కట్టించారు. "నరం బతుకుతుందా?" అని అడిగితే, "చూద్దాం" అన్నారు. రోజూ పొద్దున్నే స్ప్లింట్ విప్పి వేళ్లు కదిలించమనడం నా పని. మిగతా మంచాలన్నీ చూశాకే ఆ మంచం దగ్గరికి వెళ్లేదాన్ని. వేళ్లు కదిలేవి కావు.

అంతకన్నా భయపెట్టింది ఆయన మౌనం. అర మైలు వినిపించేలా పాడే మనిషి వార్డులో గోడవైపు తిరిగి పడుకునేవారు. పొద్దుటి ప్రార్థనకు కళ్లు కూడా మూసేవారు కాదు. ఒకరోజు కట్టు కడుతుంటే తనంతట తానే మాట్లాడారు.

"రోగానికి ఏడవటంలేదమ్మా. ఆయన పేరు మీద మాటిచ్చినా. ఆ మాట పోయింది. నన్ను నమ్మి మాత్ర మింగినోళ్లు గూడా పోయినారు. దేవుడు నన్ను అబద్ధికుణ్ణి చేసినాడు."

కట్టుగుడ్డ ఇంకో చుట్టు తిప్పాక, "నాకు నోరు రావటంలే. నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నారు.

రోగుల దగ్గర ప్రార్థన చేయడం నాకు అలవాటే. ఆ రోజు మాత్రం ఏమని అడగాలి? బాగుచెయ్యమని అడిగితే, బాగుకాకపోతే? "ప్రభువా, ఈ చెయ్యి..." అని ఆగిపోయాను. కట్టుగుడ్డ కొస నా చేతిలోనే ఉండిపోయింది. ఆయనే "ఆమేన్" అన్నారు.

క్రిస్మస్ వచ్చింది. చెయ్యి బాగుకాలేదు. ఆ రోజు ఆయన పక్కన కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు. పనులు కల్పించుకుని అటూ ఇటూ తిరుగుతూ, మధ్యమధ్య ఆ మంచంవైపు చూస్తూ ఉన్నాను. ఆయన భోజనం ముట్టలేదు.

మర్నాడు ఆయన భార్య సుగుణమ్మగారు బస్సులో వచ్చింది. నేను ఉష్ణోగ్రత చూస్తున్నాను. వెళ్లబోతే, "ఉండమ్మా" అంది.

ఆయన అడిగారు: "నిన్న గుడికి ఎవరన్నా వచ్చినారా?"

"వచ్చినారు. మొదట్లో ఆదివారాలు నేనొక్కదాన్నే కూసునేదాన్ని. పోను పోను ఒక్కొక్కరే వచ్చినారు. చెప్పేవాళ్లు లేరు గదా, పాటలు పాడుకుని ఇంటికి పోతాండాం."

"నా మాట తప్పిపోయింది గదా. ఏమనుకుంటాండారు?"

సుగుణమ్మగారు ఎప్పుడూ భర్తను 'మీరు' అనే పిలిచేది. ఆ రోజు అనలేదు.

"మాటిచ్చింది నువ్వు. దేవుడు గాదు. నీ చెయ్యి ఫలానా పండక్కి బాగుచేస్తానని ఆయన వచ్చి నీతో చెప్పినాడా?"

ఆయన తల గోడవైపు తిప్పుకున్నారు.

"నీ దగ్గరుంటానన్నాడు. అదొక్కటే చెప్పినాడు. లేడా? లేకుంటే నేనింత దూరం ఎవరి బలంతో వచ్చినా? నీ భార్యనని తెలిసి బస్సులో జనం జరిగి కూసున్నారు. నేను రాలేదా?"

ఆమె ఏడవలేదు. ఆయనే ఏడ్చారు. అన్ని రోజులుగా ఆ నొప్పికి ఏడవని మనిషి, మంచి చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. సుగుణమ్మగారు స్ప్లింట్ కట్టిన చేతిని తన ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. నేను బయటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఏ అద్భుతమూ జరగలేదు. వాపు తీసింది, జ్వరం తగ్గింది, మచ్చలు వాడిపోయాయి. అవి ఎప్పుడో ఒకప్పుడు తగ్గాల్సినవే. రెండు వేళ్లూ ముడుచుకునే ఉండిపోయాయి. స్పర్శ రాలేదు. డాక్టరుగారు మళ్లీ మాత్ర మొదలుపెడదామన్నారు, చాలా కొద్ది మోతాదుతో. మాత్ర నేనే తీసుకెళ్లాను. ఆయన వెంటనే అందుకోలేదు.

"మళ్లీ అట్లయితే ఏందమ్మా?"

"కావచ్చు. కాకపోవచ్చు. అయితే మళ్లీ ఇక్కడికే వద్దురుగాని. నేనుంటాను."

మాత్రను అందుకుని మింగారు. భయం పోయాక మింగలేదు. భయపడుతూనే మింగారు. తరువాతి రోజులన్నీ నేను ఆయన నుదురు ముట్టుకుని చూస్తూ, నరం తడుముతూ, బిక్కుబిక్కుమంటూ గడిపాను. రియాక్షన్ తిరిగి రాలేదు.

ఇంటికి పంపిన వారంలోనే ఆయన వేపచెట్టు కిందికి వచ్చారు. మేము ఇంకా బల్ల దించుతున్నాం. పుల్లయ్య రోడ్డుకు అవతల గొర్రెల మధ్య నిలబడి ఉన్నాడు, రావాలా వద్దా అన్నట్టు. జీవరత్నంగారు రోడ్డు దాటి వెళ్లి ఎడమ చెయ్యి వాడి ముందు పెట్టారు.

"చూడు పుల్లయ్యా. ఈ వేళ్లు ఇంక సాగవు."

"మరి మీ దేవుడు చేసిందేందయ్యా?"

"బాగుచేస్తాడని చెప్పింది నేను. తప్పు నాది. నేను ఆయనతో మాట్లాడటం మానుకున్నా. ఆయన నన్ను వదల్లే. ఆ మాట చెప్పేదానికే వచ్చినా. ఇంక మాత్ర సంగతంటావా, రోగం అణిగేది దాంతోనే. మధ్యలో నా మాదిరి బాధ వస్తే రావచ్చు. రాకుండా గూడా పోవచ్చు. నర్సమ్మను అడుగు. అంతా ఇని, నీకు ఇష్టమైతేనే మింగు."

పుల్లయ్య ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. గొర్రెల్ని తోలుకుని వెళ్లిపోయాడు.  మరుసటి వారం మేము వచ్చేసరికి చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. మానేసినవాళ్లందరూ రాలేదు. కొందరు ఎప్పటికీ రాలేదు. వచ్చినవాళ్లలో చాలామంది వేళ్లు దక్కాయి.

ఆ తరువాత నేను ఎన్నో ఏళ్లు అదే పని చేశాను. మాత్ర ఇచ్చే ముందు ప్రతి రోగినీ కూర్చోబెట్టి, రియాక్షన్ వస్తే ఎలా ఉంటుందో భయపెట్టకుండా చెప్పడం జీవరత్నంగారి తరువాతే నా అలవాటైంది. 'ఖాయంగా బాగైపోతావు' అనే మాట ఇంక వాడలేదు. 'నేనుంటాను' అనడం మాత్రం మానలేదు.

ఆయన ఉపదేశిగానే కొనసాగారు. వీలైన ఆదివారాలు నేను ఆ పల్లెకు వెళ్లేదాన్ని. పాట మునుపటిలాగే అర మైలు వినిపించేది. ప్రార్థన మాత్రం మారింది. అంతకుముందు గంటసేపు సాగేది, దేవుడు ఏమేమి చేయబోతున్నాడో వరసగా వినిపించేది. ఇప్పుడు చాలా చిన్నది. ఒళ్లు బాగాలేనివాళ్ల దగ్గర కూర్చుని, "ప్రభువా, భయమైతాంది. దగ్గరుండు" అనేవారు. అంతే.

నా జీవితంలోనూ తరువాత కష్టాలు వచ్చాయి. నాకు వచ్చిన ప్రార్థనలన్నీ మరిచిపోయిన వేళల్లో ఇది ఒక్కటే నోటికి వచ్చేది.