జాడీ పట్టినంత చోటు

టొరంటోలో మా ఆయనకు ఇద్దరు పట్టే చిన్న విమానం ఉండేది. ఏటా వేసవిలో ఇలాంటి విమానాలవాళ్లంతా కలిసే జాతర ఒకటుంది. దానికి దేశం ఆ కొసదాకా ఎగిరి వెళ్లేవాళ్లం. ఎక్కేముందు నన్నూ, సంచుల్నీ, తననూ తూకం వేసేవాడు. నా ఆవకాయ జాడీని మాత్రం దించేసేవాడు.

"జాడీ కావాలా, నేను కావాలా? విమానం రెండూ మోయదే!"

పోయినేడు ఆయన తూకమెక్కి, ముల్లు చూసి దిగాడు. తనే జాడీ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఈసారి పడుతుందిలే."

"విమానం బాగుచేయించారా ఏమండీ?"

"ఆఁ, చేయించానులే."

పొంగిపోయాను. అక్కడ అందరికీ బ్రెడ్డులో ఆవకాయ పెట్టాను. ఆయన ముద్ద మింగలేకపోయాడు.

మంచు పడకముందే కడుపులో జబ్బుతో పోయాడు. ఇప్పుడా జాడీ ఎత్తితే, ఆయన ఒంట్లోంచి ఇంత బరువు కరిగిపోయిందా అనిపిస్తుంది.