మఫ్టీలో ఆదాం

నిఘా విభాగం హెడ్ కానిస్టేబుల్ ఆదాం ఎప్పుడూ మఫ్టీలోనే తిరుగుతాడు. అయినా ప్రత్తిపాడు టీ బంకు ముందు అతను కూర్చోగానే ఎవరో ఒకరు, "రాసుకోండి సార్, మిరప ధర పడిపోయింది, జనం మండిపోతున్నారు" అని మొదలుపెడతారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకుని రహస్యంగా రాసుకుంటాడు.

మంత్రి పర్యటనకు ముందురోజు, రైతులు కారుకు అడ్డం పడతారేమో తేల్చమని పైనుంచి ఫోనొచ్చింది. ఆదాం తిన్నగా, ఊళ్లో ఏ ధర్నాకైనా ముందుండే సుబ్బరావమ్మ మిరపచేలోకి వెళ్లి ఆమెనే అడిగాడు. "ఎన్నింటికొస్తాడు నాయనా?" అందామె. "పదింటికండి." "అప్పుడు కోతలో ఉంటాంగా! నాలుగింటికైతే తీరిగ్గా అడ్డుకుంటాం." ఆదాం ఆ మాటే పొల్లుపోకుండా నివేదికలో రాశాడు. పైవాళ్లు మెచ్చుకుని పర్యటన పదింటికే ఖాయం చేశారు. మంత్రిగారు మాత్రం నాలుగింటికి వచ్చారు. రోడ్డుకు అడ్డంగా కూర్చున్న సుబ్బరావమ్మ, చెమటలు కక్కుతున్న ఆదాంను చూసి నొచ్చుకుంది. "అదేంటి నాయనా, నువ్వు చెప్పలేదా?"